ఆ కథలో లేని ఆమె

ఇద్దరు మగపిల్లలు ఒకరినొకరు ప్రేమించుకునే కథల్ని ఆడవాళ్లు ఎందుకు చూస్తారు? చూసి సంతోషపడటంలో తప్పేమైనా ఉందా?

ఈ ప్రశ్న నన్ను చాలామందే అడిగారు. కాలేజీలో నాతో పనిచేసేవాళ్లు నవ్వుతూ అడిగారు. ఒక రచయిత మిత్రుడు కాస్త చిరాగ్గానే అడిగాడు. "మన సమస్యలు మనకి బోలెడుండగా ఈ గోలెందుకండీ" అన్నాడు. అనంతపురంలో కూచుని థాయ్‌లాండ్ కుర్రాళ్ల ప్రేమకథలు చూసే యాభై దాటిన తెలుగు లెక్చరరు ఎవరికైనా వింతగానే కనిపిస్తుంది. కానీ నేను చూస్తున్నాను. నాలుగైదేళ్లుగా, ఇష్టంగా చూస్తున్నాను. ఇష్టం ఉంది కాబట్టే ఈ ప్రశ్నని నవ్వి వదిలేయలేకపోయాను. మనకి నచ్చినదాన్ని కూడా నిలబెట్టి ప్రశ్నించాలని స్త్రీవాదం మనకి నేర్పింది కదా!

వీటి గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. వీటిని 'బాయ్స్ లవ్' అంటారు. పొట్టిగా 'బీఎల్'. థాయ్‌లాండ్, జపాన్, తైవాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ దేశాల్లో తయారయ్యే టీవీ సీరియల్స్ ఇవి. మన సీరియల్స్‌లా ఏళ్ల తరబడి సాగవు. చాలావరకు పది పన్నెండు భాగాల్లో అయిపోతాయి. 2014లో 'లవ్ సిక్', 2016లో 'సోటస్' థాయ్‌లాండ్‌లో ఈ ఒరవడికి దారి వేశాయి. 2020లో, కరోనా అందర్నీ ఇళ్లలో కూచోబెట్టిన నెలల్లో, 'టుగెదర్' అన్న సీరియల్ దేశదేశాల్లో ఆడపిల్లల ఫోన్లలోకి వచ్చేసింది. కింద ఇంగ్లీషు అక్షరాలతో యూట్యూబ్‌లోనే దొరికేది. నా మేనకోడలు చూస్తుంటే పక్కన కూచుని నేనూ మొదలుపెట్టాను.

కొరియా మా ప్రాంతానికి మరీ దూరపు దేశమేమీ కాదిప్పుడు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పుడది అనంతపురం జిల్లా. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. బెంగుళూరు రోడ్డు మీద కొరియా అక్షరాల బోర్డులతో భోజనశాలలు వెలిశాయి. బుడ్డలు వేసి వానకోసం ఆకాశం చూసే ఊళ్ల పక్కనే ఆ బోర్డులు! కాబట్టి మా ఆడపిల్లలు కొరియా సీరియల్స్ చూడటం ఇక్కడ ఎవరికీ వింత కాదు. వాటిలో ఇద్దరు మగపిల్లలు చేతులు పట్టుకుంటేనే వింత.

ఈ కథలు పుట్టింది 1970లలో, జపాన్‌లో, ఆడపిల్లల బొమ్మల కథల పత్రికల్లో. రాసినవాళ్లు ఆడవాళ్లు. చదివినవాళ్లు ఆడవాళ్లు. మోతో హగియో, కెయికో తకెమియా అప్పటికి ఇరవైల్లో ఉన్న అమ్మాయిలు. హగియో 1971లో వేసిన 'నవంబర్ జిమ్నేజియం' కథని ముందు ఆడపిల్లల బడిలో జరిగినట్టు ఊహించిందట. అలా కుదరక మగపిల్లల బడికి మార్చుకుంది. నాకు ఈ చిన్న విషయం చాలా పెద్దదిగా అనిపిస్తుంది. ఒక స్త్రీ, స్త్రీల కోసం ప్రేమకథ రాయాలనుకుంది. అందులో స్త్రీ ఉంటే కథ కదల్లేదు! అమ్మాయి అనగానే ఆ కథలోకి ఎన్ని వచ్చి పడతాయో మనకి తెలియనిదా? పరువు, సిగ్గు, నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం, కడుపు వస్తే ఎలా అన్న భయం, చివరికి పెళ్లి. ఆ బరువులేవీ లేని రెండు శరీరాలు కావాల్సి వచ్చాయి ఆమెకి. అలాంటి శరీరాలు ఆమె చుట్టూ మగపిల్లలకే ఉన్నాయి.

అందుకే ఈ కథల్లో మా పిల్లలకి దొరికే ఆనందం ముందుగా సమానత్వంలోనిదని నేననుకుంటాను. ఇద్దరూ ఒకే కాలేజీలో చదువుతారు. ఇద్దరికీ బయట తిరిగే స్వేచ్ఛ ఉంటుంది. రాత్రి పదింటికి రోడ్డు పక్క బండి దగ్గర నూడిల్స్ తింటూ పోట్లాడుకుంటారు. ఎవరి ఇంటిపేరూ మారదు. ఎవరూ ఎవరింటికో వెళ్లి బియ్యం కడగక్కర్లేదు. ఒకసారి నా మేనకోడలు అంది: "ఇందులో ఎవురూ కట్నం అడగరు గదత్తా!" దానికప్పుడు సంబంధాలు చూస్తున్నారు.

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే నేల మాది. ఆ కాస్తా అదను తప్పి పడితే బుడ్డలు ఊడవు. బోరు వేస్తే నీళ్లు పడతాయో లేదో తెలియదు. ఇలాంటి చోట ఆడపిల్ల పెళ్లంటే ఇంకొక బోరు వేసినట్టే. అప్పు తేవాలి, ఆశ పెట్టుకోవాలి, ఎండిపోతే నోరు మూసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తానికి చూస్తే అది 23.3 శాతం. పెళ్లిని ఇలా చూసే ఊళ్లో పెరిగిన పిల్లకి, పెళ్లి ఊసే లేకుండా ఇద్దరు మనుషులు ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం ఎంత ఊరట!

మా అక్క తరం ఊరట వేరు. వాళ్లు అద్దె పుస్తకాల షాపులోంచి యద్దనపూడి సులోచనారాణి నవలలు తెచ్చుకుని, వంటింటి గడపలో కూచుని చదివేవాళ్లు. 1960లలో వచ్చిన 'సెక్రటరీ'లో రాజశేఖరం ఎంతమంది ఆడపిల్లల కలల్లోకి వచ్చాడో లెక్కలేదు. అతను అందగాడు, ధనవంతుడు, కారున్నవాడు. ఆ కలలో మా అక్క ఎక్కడుంది? కిందుంది. తల పైకెత్తి చూస్తోంది. ఎవరో వచ్చి చెయ్యందిస్తే ఎక్కాలి. నా మేనకోడలి కలలో అసలు తను లేనే లేదు. తను ప్రేక్షకురాలు. ఇద్దరు మగవాళ్లు ప్రేమ కోసం ఏడుస్తుంటే, సిగ్గుపడుతుంటే, అన్నం మానేస్తుంటే చూస్తోంది. ఎప్పుడూ తననే చూసే లోకాన్ని తను చూస్తోంది. సినిమాల్లో చూపు మగవాడిదీ, చూడబడే దేహం ఆడదానిదీ అని లారా మల్వీ 1975లో రాసింది. ఆ చూపు ఇక్కడ తిరగబడింది. ఇందులో కొంత న్యాయం ఉందని నాకనిపిస్తుంది.

అయితే కథ ఇంతటితో అయిపోదు.

1992లో జపాన్‌లోనే ఒక చిన్న స్త్రీవాద పత్రికలో మసకి సతో అనే గే కార్యకర్త ఈ కథల మీద విరుచుకుపడ్డాడు. ఈ కథలు రాసే, చదివే ఆడవాళ్లకి మా జీవితాలతో పనేమీ లేదు, మమ్మల్ని అందమైన బొమ్మలుగా చేసుకుని ఆనందిస్తున్నారు, ఆ అందంలో ఇమడని మాలాంటివాళ్ల సంగతేమిటి అన్నది అతని ఆగ్రహ సారాంశం. స్త్రీలు బదులు చెప్పారు. ఆ చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఒక స్త్రీవాద పత్రిక ఆ మాటలకి చోటివ్వడం నాకు నచ్చింది. 'మీరు మమ్మల్ని చూసే చూపులో మేం లేం' అని ఎన్నేళ్లుగా మనం మగ రచయితలతో అంటున్నాం? అదే మాట మనతో ఒకరు అంటే వినకుండా ఎలా ఉంటాం?

విని చూస్తే చాలా కనిపిస్తాయి. సమానత్వం అన్నాను కదా, అన్నిట్లోనూ అది లేదు. తొలినాటి థాయ్ సీరియల్స్‌లో ఇద్దరిలో కాస్త పొట్టిగా, సున్నితంగా ఉన్నవాణ్ణి స్నేహితులు రెండోవాడి 'పెళ్లాం' అని ఆటపట్టిస్తారు. ఆడవాళ్లు లేని కథలోనూ పెళ్లాం స్థానం ఖాళీగా ఉండకూడదన్నమాట! 2019లో వచ్చిన 'థార్న్‌టైప్'లో ఒకడు నిద్రపోతుంటే రెండోవాడు అతని సమ్మతి లేకుండా తాకుతాడు. అది కూడా ప్రేమకథలో ఒక మజిలీగా సాగిపోతుంది. మన తెలుగు హీరో హీరోయిన్ వెంటపడి వేధిస్తే తిట్టే మనం దీన్ని ఎందుకు క్షమించాలి? "నేను గే కాదు, నాకు నువ్వు మాత్రమే ఇష్టం" అనే మాట వీటిలో మళ్లీమళ్లీ వినిపిస్తుంది. ప్రేమ గొప్పదనం చెప్పడానికే ఆ మాట వాడతారు. కానీ నిజంగా గే అయిన కుర్రాడు అది వింటే ఏమనుకుంటాడు? ఇక ఆడపాత్రలంటారా, అడ్డుపడే అసూయాపరురాలో, ఆ జంటని చూసి మురిసిపోయే చెల్లెలో, అంతే!

అన్నీ అలాగే ఉన్నాయని కాదు. ఫుమి యోషినగా అనే స్త్రీ రాసిన బొమ్మల కథ ఆధారంగా 2019లో జపాన్‌లో వచ్చిన 'వాట్ డిడ్ యూ ఈట్ యెస్టర్‌డే' చూడండి. ఇద్దరూ నడివయసు మగవాళ్లు. ఒకడు లాయరు, ఒకడు జుట్టు కత్తిరించేవాడు. లాయరు సాయంత్రం ఇంటికొస్తూ ఏ కూరగాయ ఎక్కడ చవగ్గా దొరుకుతుందో లెక్కేసుకుని కొని, ఇంటికొచ్చి వండుతాడు. రెండోవాడు తిని, ఎంత బాగుందో నోరారా చెప్తాడు. అంతే కథ! ముప్పై ఏళ్లు వండిన నేను ఆ సీరియల్ చూస్తూ, ఇంట్లో ఇంకో మనిషి వండుతుంటే కూచుని తినడం ఎలా ఉంటుందో కాసేపు తెలుసుకున్నాను. మధ్యలో ఆ లాయరు అమ్మానాన్నల ఇబ్బంది కూడా ఉంటుంది. కొడుకంటే ప్రేమ ఉంది, ఒప్పుకున్నామని అంటారు, కానీ మనసు పూర్తిగా ఒప్పుకోదు. అది నిజం వాసన వేసే కథ.

సరే, సతో ఆక్షేపణకి మనం ఏమనాలి? ఆడవాళ్లకి మగవాళ్ల మనసు రాసే హక్కు లేదని అనాలా? ఇక్కడ మా జిల్లా మనిషి ఒకాయన నాకు గుర్తొస్తాడు. బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టాడు, బళ్లారిలో ప్లీడరుగా ఉంటూ గొప్ప నటుడయ్యాడు. ఆయన కాలంలో తెలుగు రంగస్థలం మీద ఆడవేషం మగవాడే కట్టేవాడు. స్థానం నరసింహారావు సత్యభామగా వస్తే జనం ఆరాధించారు. కూచిపూడిలో తరతరాలుగా భామాకలాపం ఆడింది మగవాళ్లే. స్త్రీ విరహాన్ని రాసింది మగవాడు, ఆడింది మగవాడు, బాగుందో లేదో తేల్చింది మగవాడు. 'ఆడదాని మనసు నీకేం తెలుసు' అని వాళ్లని ఎవరూ అడగలేదు. దాన్ని కళ అన్నారు. స్త్రీలు మగవాళ్ల విరహం రాసుకుంటే మాత్రం 'ఇదేం రోగం' అంటారు. చైనాలో అయితే జైల్లోనే పెట్టారు. 'థియన్‌యీ' అన్న కలం పేరుతో ఇద్దరు మగవాళ్ల శృంగార నవల రాసి అమ్మినందుకు ఒక రచయిత్రికి 2018లో పదిన్నరేళ్ల శిక్ష వేశారు. ఈ తేడాని మరిచిపోయి న్యాయం మాట్లాడలేం.

కానీ రాఘవ ఏం చేశాడు? ఆడవేషాలు ఆడవాళ్లే కట్టాలన్నాడు. చదువుకున్న స్త్రీలని, కుటుంబ స్త్రీలని రంగస్థలం మీదికి పిలిచాడు, వాళ్ల పక్కన నటించాడు. మగవాళ్లకి ఆడవేషం రాదని కాదు ఆయన వాదన. ఆ వేషం ఎవరి బతుకుదో వాళ్లకి వేదిక లేకుండా ఎంత బాగా కట్టినా అది లోటే. బీఎల్ విషయంలో నాకు ఇంతకంటే మంచి జవాబు దొరకలేదు. స్త్రీలు రాయొచ్చు, చూడొచ్చు, మురిసిపోవచ్చు. కానీ మగవాణ్ణి ప్రేమించే మగవాడు మన ఊళ్లో, మన వీధిలో నోరు విప్పగలిగే పరిస్థితి లేకుండా తెర మీద ఉన్నవాణ్ణి మాత్రం ప్రేమించడం అప్పు చేసి పండగ చేసుకోవడమే.

మన వీధిలో అతన్ని ఏమంటారు? 'ఆడంగి' అంటారు. తెలుగు సినిమాలు దశాబ్దాలుగా ఆ మనిషిని నవ్వుకోవడానికే వాడుకున్నాయి. ఆ తిట్టులో ఉన్నది ఎవరు? మనమే! మగవాణ్ణి అవమానించాలంటే ఆడదానితో పోలిస్తే చాలు. తిరుపతి గంగమ్మ జాతరలో మొక్కు తీర్చుకోవడానికి మగవాళ్లు చీర కడతారు, పూలు పెట్టుకుంటారు. దాన్ని భక్తి అంటారు. జాతర అయిన మర్నాడు అదే నడక నడిచిన కుర్రాడి మీద రాళ్లేస్తారు. ఆ రాయి అతని మీదుగా వచ్చి తగిలేది మనకే. అందువల్ల అతని పక్షాన మాట్లాడటం మనం చేసే ఉపకారమేమీ కాదు.

ఇక్కడిదాకా వచ్చాక ఇంకొక మనిషి గురించి చెప్పాలి. నాకు బాగా తెలిసిన ఒకామె. పేరూ ఊరూ చెప్పను. పెళ్లయి పదకొండేళ్లు. భర్త బెంగుళూరులో పని చేస్తాడు, నెలకో రెండు నెలలకో ఇంటికొస్తాడు. తాగడు, కొట్టడు. అందరూ ఆమె అదృష్టాన్ని మెచ్చుకునేవాళ్లు. పిల్లలు లేరు. ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఆమె. ఉపవాసాలున్నదీ, గొడ్రాలనిపించుకున్నదీ ఆమె. తన ఒళ్లు బాగాలేదేమో, తను నల్లగా ఉన్నందుకేమో, తనకి మాట్లాడటం రాదేమో అని పదేళ్లు తనలోనే తప్పు వెతుక్కుంది. పదో ఏట ఒక రాత్రి అతను ఏడుస్తూ చెప్పాడు. తను ఆడవాళ్లని ప్రేమించలేడు. పెళ్లికి ముందే వాళ్లమ్మకి చెప్పాడట. "పెండ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి" అందట ఆ తల్లి.

ఆమె మా ఇంటికొచ్చినప్పుడు నేను సీరియల్ చూస్తున్నాను. పక్కన కూచుని ఒక భాగం మొత్తం చూసింది. భాష రాదు, ఇంగ్లీషూ రాదు. అయినా కథ అర్థమైంది. అయిపోయాక అడిగింది: "వీళ్లకి అమ్మలు ల్యారా అక్కా? పెండ్లి చేస్తామని ఎవురూ రాలేదా?"

కాసేపుండి మళ్లీ తనే అంది: "ముందే చెప్పింటే నేను టీచర్ ట్రైనింగు చేసుకుంటాంటి."

ఈ కథల్లో లేని మనిషి ఎవరో అప్పుడు నాకు స్పష్టంగా కనిపించింది. హగియో తన కథలోంచి అమ్మాయిని తీసేసింది, కథ కదలడం కోసం. కానీ మన దేశంలో ఆ ఇద్దరు మగపిల్లల కథలోంచి అమ్మాయిని తీసేయడం ఎవరి చేతుల్లోనూ లేదు. అమ్మానాన్నలు ఆమెని తెచ్చి మరీ పెడతారు. 'పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు' అన్న సామెత మనదే. తాగుబోతుకి పెళ్లి, పనిచేయనివాడికి పెళ్లి, మతి చెడినవాడికి పెళ్లి, మగవాణ్ణి ప్రేమించినవాడికీ పెళ్లి! అన్నిటికీ ఒకటే మందు, ఆడపిల్ల. మందు పని చేయకపోతే తప్పు మందుదే అంటారు. సీసా మాత్రం ఆ ఇంట్లోనే ఉండాలి.

చైనాలో ఇలాంటి భార్యలకి ఒక పేరుంది, 'థోంగ్‌ఛీ'. పేరు పుట్టిందంటేనే వాళ్లు ఎంతమందో ఊహించుకోవచ్చు. తైవాన్‌లో 2018లో వచ్చిన 'డియర్ ఎక్స్' సినిమాలో భర్త చనిపోతాడు. ఇన్సూరెన్సు డబ్బు భార్యాబిడ్డలకి కాకుండా అతని ప్రియుడికి రాసి ఉంటుంది. ఆ భార్య అరుస్తుంది, గొడవ పడుతుంది, పోయి ఆ ప్రియుడి తలుపు బాదుతుంది. ఆ కోపం కింద ఒకే ప్రశ్న ఉంటుంది. అతనికి నామీద రవంతైనా ప్రేమ ఉండిందా? ఆ పాత్ర వేసిన షియే యింగ్‌ష్వాన్‌కి ఆ ఏడాది గోల్డెన్ హార్స్ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. మనకి దగ్గర్లో, 2023లో వచ్చిన మలయాళం సినిమా 'కాదల్ ద కోర్'లో జ్యోతిక వేసిన భార్య ఏళ్ల తరబడి కాపురం చేశాక విడాకులకి కోర్టుకెళ్తుంది. భర్తని బజారుకీడ్చడానికి కాదు. ఆ అబద్ధంలోంచి తనూ బయటపడాలి, అతనూ బయటపడాలి. మమ్ముట్టి లాంటి పెద్ద నటుడు ఆ భర్త వేషం వేయడం గురించి అందరూ మాట్లాడారు. నాకు మాత్రం ఆ భార్య ఓపిగ్గా కోర్టు మెట్లెక్కడమే గుర్తుండిపోయింది.

ఇప్పుడు నీతి ప్రశ్న. ఆ బెంగుళూరు భర్తని ఏమనాలి? అతను బాధితుడే. అతని మాట తల్లే వినలేదు. పెళ్లి నాటికి చట్టం కూడా అతన్ని నేరస్తుడిగానే చూసేది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ పట్టు తీసింది, 2013లో సుప్రీంకోర్టు మళ్లీ బిగించింది, 2018 సెప్టెంబరు 6న వదిలింది. ఆ మధ్యకాలంలో నోరు విప్పడం ఎంత కష్టమో ఊహించగలను. కానీ బాధితుడి చేతుల్లోనూ ఇంకొకరి బతుకు నలగొచ్చు. అతనికి బెంగుళూరు ఉంది, అక్కడ స్నేహితులున్నారు, ఊపిరి తీసుకునే గది ఉంది. ఆమెకి అత్తగారి వంటిల్లుంది. ఇద్దరినీ అణచింది ఒకే పితృస్వామ్యమైనా, బరువు సమానంగా పంచలేదు.

నాకు తోచిన గీత ఇది. తన రహస్యాన్ని దాచుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ఎవరి గురించైనా వాళ్ల అనుమతి లేకుండా నలుగురిలో చెప్పడం హింసే. కానీ ఆ రహస్యానికి ఇంకొక మనిషి జీవితాన్ని తలుపుగా బిగించే హక్కు ఎవరికీ లేదు. అతను లోకానికి చెప్పక్కర్లేదు. పెళ్లిచూపుల్లో ఎదురుగా కూచున్న ఆ ఒక్కతెకి చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పెళ్లి ఆగాలి. ఆపే బలం అతనికి లేకపోతే, ఆ బలాన్నివ్వాల్సిన వాళ్లలో మనం కూడా ఉన్నాం. ఈ తలుపు బిగించేది ముఖ్యంగా కుటుంబం కాబట్టి, కుటుంబాన్ని ఎదిరించడం మనకి అలవాటైన పని కాబట్టి.

అయితే అతను చెప్పగలిగే లోకం ఉందా? తైవాన్ 2019లో, థాయ్‌లాండ్ 2025 జనవరిలో ఇలాంటి జంటల పెళ్లిని చట్టంగా చేశాయి. ఆ కథలు తీసిన దేశాల్లో రెండింటిలోనైనా తెర మీది ప్రేమకి తెర బయట చోటు దొరికింది. మన దగ్గర సుప్రీంకోర్టుకి ఆ కోరికతో వెళ్లిన కేసుకి పేరుగా నిలిచింది హైదరాబాదులో ఉండే సుప్రియో, అభయ్‌ల జంట. 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్నారు వాళ్లు. 2023 అక్టోబరు 17న కోర్టు అది పార్లమెంటు చెయ్యాల్సిన పని అని తేల్చింది. చాలామంది స్త్రీవాదులు, పెళ్లి అన్న వ్యవస్థనే మనం ప్రశ్నిస్తుంటే వీళ్లు దానిలోకి వస్తామంటారేమిటి అన్నారు. నాకూ పెళ్లి మీద భ్రమలు లేవు. కానీ అతనికి తను కోరుకున్నవాడితో బతికే దారి మూసేస్తే, అతన్ని తోసేది మన ఆడపిల్ల ఉన్న దారిలోకే. ఆ దారి తెరవాలని అడగడం మన ఆడపిల్లల కోసం అడగడం కూడా.

బలవంతపు పెళ్లి కాదన్న ఆడపిల్ల వెనక నిలబడటం మన సంఘాలకి తెలుసు. ఊళ్లలో ఎన్ని బాల్య వివాహాలు ఆగాయో ఈ పత్రిక చదివేవాళ్లకి చెప్పక్కర్లేదు. పెళ్లి వద్దన్న మగపిల్లాడి వెనక ఎవరు నిలబడతారు? అతన్ని ఎవరైనా విడిగా కూచోబెట్టి, "నీకిష్టమేనా అబ్బయ్యా" అని అడుగుతారా? మగపిల్లాడి ఇష్టం అడగక్కర్లేదు, ఉన్నట్టే లెక్క! ఆ లెక్క తప్పినప్పుడల్లా కట్టాల్సింది ఒక ఆడపిల్ల. కాబట్టి అతని కాదనడాన్ని కాపాడటం మనకి పరాయి పని కాదు.

పోయిన ఏడాది నా పాత విద్యార్థి తల్లి ఒకామె వచ్చింది. కొడుకు పెళ్లి వద్దంటున్నాడని, కారణం చెప్పడం లేదని, నా మాట వింటాడు కాబట్టి ఒప్పించమని. కారణం ఆమెకి తెలుసని ఆమె కళ్లే చెప్తున్నాయి. నేను దాని జోలికి పోలేదు. అది అతను చెప్పుకోవాల్సిన మాట. "వాడు వద్దంటుంటే మీరు తెచ్చే పిల్ల ఆ ఇంట్లో ఎట్ల బతుకుతుంది? ఆమె గురించి ఒక్కసారి ఆలోచించండి" అన్నాను. ఆమెకి కోపమొచ్చింది. "మీకు బిడ్డలుంటే తెలుస్తుంటాది మేడమ్" అని లేచి వెళ్లిపోయింది. తర్వాత తెలిసింది, ఈ సంవత్సరానికి సంబంధాలు చూడటం ఆపిందట. వచ్చే ఏడాది సంగతి తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ అదే చెప్తాను.